కాళ్లకు గుంట లేని చోట

రైలుగేటుకు ఇవతల బయల్లో
ఎగ్జిబిషన్ వచ్చి పదహైదు దినాలాయె.
రేపు విప్పుకోని పోతారంట.
"ఈపొద్దు గాకపోతే ఇంగ లే" అనింది సుంకమ్మ.
చీర కోసి ఇచ్చిన దినం, చేతిలో మజూరీ ఉండాది.
పోయినాం నలుగురం,
నేను, సుంకమ్మ, తిప్పక్క, మాబున్ని.

డ్రాగన్ రైలు అని రాసినారు గానీ
మూతి చూస్తే మా ధర్మవరం సంత ఎద్దే.
పచ్చ పెయింటు పెచ్చులు లేసి కింద ఎర్రది,
దాని కింద ఇంకేదో ఊర్లో పూసిన రంగు.
మనిషికి డెబ్బై.
తిప్పక్క సంచి ముడి విప్పేలోగా
మాబున్ని అయిదొందల నోటు కిటికీలో పెట్టేసింది.
"టీ డబ్బులు గూడా లెక్కేసే దానివి, ఏమైందే నీకు?"
నవ్వి ఊరుకుండె.

చెప్పులు ఇడిసి ఎక్కమన్యాడు పిల్లోడు,
మీసం ఇంకా రాలే, ఎక్కడి భాషో ఏమో.
ఒకే బెంచీలో నలుగురం ఇరుక్కుంటే
ఇనుప కమ్మీ పొట్టల మీదికి దించి టక్కుమని బిగించినాడు.
నేసిన చీర చుట్టుకునే దోనె
ముప్పై ఏండ్లుగా ఇట్లే కడుపుకు ఆనుకోని ఉంటాది మాకు,
అది కొత్త గాదు.
కాళ్లకే గుంట లేదు.
కింద అంతా ఖాళీ.
ఏం చేయాల్నో తెలీక అవి
బడికి మొదటి దినం పోయిన పిల్లోళ్ల మాదిరి ఊగులాడినాయి.

కటకటామని గొలుసు లాగింది.
స్టేషను దీపాలు కిందికి పాయె,
మిద్దెల మీద ఆరేసిన పట్టు చిలపలు కిందికి పాయె,
దూరం కొండల మీద గాలిమరల ఎర్ర దీపాలు
ఆరతా వెలగతా మా కండ్లకు సరిగ్గా ఎదురొచ్చినాయి.
సుంకమ్మ వాళ్ల అత్తను పేరు పెట్టి తిట్టబట్టింది,
భయమేస్తే ఆమె దేవుణ్ణి తల్చుకోదు.
ఎత్తు చివర, ఎద్దు మూతి వంగే ముందర,
కరెంటు పోయింది.

జనరేటరోడు డీజిల్ మిగుల్తాదని
ఊరి కరెంటుకే తగిలించినాడంట. తర్వాత తెలిసింది.

ఎవరమూ మాట్లాడలే.
"ఇంటాండారా?" అనింది తిప్పక్క.
ఏమీ ఇనపడలే. అదే ఆమె చెప్పేది.
ఊర్లో పవర్‌లూములన్నీ ఒకేసారి నిలబడినాయి.
ఎవరింట్లోనో పసిబిడ్డ ఎక్కిళ్లు గూడా ఇనపడె.
ఆ పైన, సన్నగా,
టక్... టక్...
ఒక్క చేతిమగ్గం. ఎవరో దీపం పెట్టుకోని నేస్తాండారు.
"మీ వీధి పక్కనుంచే గదా మాబున్నీ? మీదేనా?"
"మాది గాదు" అనింది.
"మాది మొన్న బేస్తవారం అమ్మేసినా.
కట్టె లెక్కన తూకమేసినారు.
గుంటలో మన్ను పోసి సిమెంటు తోలినాం,
దాని మీద పిల్లోడి మంచం."

మొహం కనపడని చోటు చూసుకోని చెప్పినట్టుండె.
కమ్మీ మీద ఆమె చెయ్యి కోసం తడిమినా.
దొరికింది తిప్పక్క చెయ్యి.
సరే, అదే పట్టుకున్యా.

ఎంత సేపంటే,
ఒక కండె అయిపోయేంత.

కరెంటొచ్చింది. ఎద్దు వంగింది.
కడుపు పైన్నే ఉండిపాయ, మేం కిందికొచ్చినాం.
సుంకమ్మ అత్తను వదిలేసి అమ్మను పిలిచింది.
మాబున్ని అరిచింది.
మోతలో పెరిగినోళ్లం, గట్టిగా మాట్లాడతాం గానీ
అరవడం మాకు చేతగాదు.
ఆమెకు అంత గొంతుండాదని
ఇరవై ఏండ్ల స్నేహంలో తెలీలే.
కింద నిలబడినోళ్లు నవ్వినారు,
భయమనుకోని.

ఒకటి చూసినా, ఎవరికీ చెప్పలే.
పడేటప్పుడు ఆమె కాళ్లు
ఒకటి కిందికి, ఒకటి పైకి,
ఒకటి కిందికి, ఒకటి పైకి,
గాలిని తొక్కుతాండాయి.
నావీ అంతే.

దిగినాక చెప్పులన్నీ కలిసిపోయిండె.
తిప్పక్క ఎడమది నా కాలికొచ్చింది, మార్చుకోలే.
ఊరు మళ్లీ మోత ఎత్తుకుంది,
ఆ ఒక్క మగ్గం యాడ మునిగిపాయెనో.
బొరుగుల బండి కాడ
"డబ్బులు నేనిస్తా" అనింది సుంకమ్మ.
ఈసారి మాబున్ని
సంచి తీయలే.